రొయ్యల కౌంటు నుంచి చుక్కల ముగ్గు దాకా: డిగ్రీలో తొలి ప్రోగ్రామింగ్ కోర్సుకు దారి

డిగ్రీ క్లాసులు మొదలైన వారంలోనే మా కంప్యూటర్ ల్యాబ్ తలుపు దగ్గర ఈ ప్రశ్న వినపడుతుంది. "సార్, నేను జువాలజీలో చేరాను. ఈ పైథాన్ నాకెందుకు?" పైథాన్ అంటే కంప్యూటర్‌కు పని చెప్పే ఒక ప్రోగ్రామింగ్ భాష. వెనకే ఇంకొకరు: "నాది బీఏ తెలుగు సార్. నాకు కోడింగ్ ఎట్టా వస్తది?" కామర్స్ పిల్లలు అడగరు, చివరి వరసలో కూర్చుంటారు. లెక్కలు రావేమోనని కొందరికి భయం, ఇంగ్లిష్ రాదని మరికొందరికి టెన్షన్. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి కావలి, ఆత్మకూరు, దర్శి, కనిగిరి వైపు నుంచి వచ్చిన పిల్లల్లో ఈ రెండో భయం ఎక్కువ.

చాలా ఏళ్లుగా ఈ తొలి కోర్సు చెబుతున్నాను. అందులో నాకు బాగా రూఢి అయిన సంగతి ఒకటుంది. ప్రోగ్రామ్ రాయడం కంటే, రాసిన ప్రోగ్రామ్ తప్పని కనిపెట్టడం కష్టం. తప్పు కనిపెట్టాలంటే సరైన జవాబు ఎలా ఉంటుందో మనకు ముందే తెలిసుండాలి. అందుకే తొలి కోర్సులో మీరు బాగా ఎరిగిన వస్తువు మీదే పని చేయాలి. అది చెరువు కావచ్చు, పొలం కావచ్చు, ముగ్గు, పద్యం, అంగడి లెక్క ఏదైనా కావచ్చు. ఈ వ్యాసం మొత్తం ఆ దారినే నడుస్తుంది.

## మొదటి మెట్టు: కోర్సు వెతకకముందే ఒక లెక్క వెతుక్కోండి

చేరిన మొదటి వారం కంప్యూటర్ జోలికి పోవద్దు. ఒక నోటు పుస్తకం తీసుకుని, మీ ఇంట్లో, ఊళ్లో, మీ సబ్జెక్టులో మనుషులు మళ్లీ మళ్లీ చేసే ఒక లెక్క రాయండి. ఏం ఇస్తే ఏం వస్తుందో కాగితం మీద చేత్తో చేసి చూడండి.

నెల్లూరు వైపు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతారు. పుట్టి అంటే 850 కిలోలు. బయటి వ్యాపారి క్వింటాలు ధర చెబుతాడు, రైతు పుట్టి ధర అడుగుతాడు. ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చడం ఒక లెక్క. క్వింటాలు ధరను 8.5తో గుణిస్తే పుట్టి ధర వస్తుంది. చీమకుర్తి క్వారీ దగ్గర పెరిగినవారికి ఇంకో లెక్క తెలుసు: గ్రానైట్ దిమ్మె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి బరువు అంచనా వేయడం. ఆ నల్లరాయి క్యూబిక్ మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒక మీటరు ఎత్తున్న దిమ్మె 9 టన్నులకు అటూఇటూగా ఉంటుంది. లారీ మీద ఎన్ని దిమ్మెలు ఎక్కించవచ్చో చెప్పడం దాని తర్వాతి లెక్క.

ఇలాంటివి మూడు రాసుకోండి. ఏ కోర్సులో చేరినా మొదటి నెల ఈ మూడూ మీ వెంట ఉండాలి.

## రెండో మెట్టు: మీ సబ్జెక్టును బట్టి భాష

"ఏ లాంగ్వేజ్ మంచిది సార్?" అని అడిగితే నేను తిరిగి "నీ సబ్జెక్టు ఏంది?" అని అడుగుతాను.

బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లకు సాధారణంగా సీ తోనే మొదలు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన భాష ఇది. మెమరీ ఎలా పనిచేస్తుందో దాచకుండా చూపిస్తుంది కాబట్టి కంప్యూటర్‌నే చదవదలచుకున్నవారికి మేలు. మిగతా సబ్జెక్టుల వాళ్లు దీనితో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతకడంలోనే నెల గడిచిపోతుంది.

ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, జువాలజీ, బోటనీ, ఆక్వాకల్చర్ వాళ్లకు పైథాన్. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేశాడు. చదవడానికి మామూలు వాక్యంలా ఉండటం దీని బలం. స్టాటిస్టిక్స్ వాళ్లకు, ఫీల్డ్ ప్రయోగాల ఫలితాలు తేల్చాల్సిన వ్యవసాయ, జీవశాస్త్ర విద్యార్థులకు ఆర్ అనే భాష కూడా బాగుంటుంది. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు స్టాటిస్టిక్స్ అధ్యాపకులు తొంభైల మొదట్లో దీన్ని మొదలుపెట్టారు. నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 వంటి వరి రకం నిజంగా ఎక్కువ దిగుబడి ఇచ్చిందా, లేక ఆ మడి మంచిదైనందుకు అలా కనిపించిందా అని తేల్చే పనికి ఆర్ బాగా సరిపోతుంది.

బొమ్మలు, డిజైన్, విజువల్ కమ్యూనికేషన్ వైపు వెళ్లేవాళ్లకు ప్రాసెసింగ్ అనే భాష. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో దీన్ని కళాకారుల కోసమే మొదలుపెట్టారు. దీనికి చెల్లెలి లాంటిది పీ5 జేఎస్, లారెన్ మెకార్తీ తయారుచేసింది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది. రెండు లైన్లు రాస్తే తెర మీద వృత్తం వస్తుంది. బొమ్మ వేసే పిల్లకు మొదటి రోజే బొమ్మ కనబడాలి, లేకపోతే రెండో రోజు రాదు. సంగీతం తెలిసినవారికి సోనిక్ పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో రాసిన లైన్లు మోగుతాయి. ఆది తాళం ఎనిమిది అక్షరాలను నాలుగు, రెండు, రెండుగా విడగొట్టి లూప్‌లో, అంటే అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశంలో పెడితే లూప్ అంటే ఏమిటో వినబడుతుంది.

కామర్స్ వాళ్లకు ఒక మాట. ముందు ఎక్సెల్ గట్టిగా నేర్చుకోండి. ఫార్ములాలో ఇఫ్ (ఇలా అయితే ఇది చెయ్యి అనే షరతు) రాయగలిగితే మీరు ప్రోగ్రామ్ రాస్తున్నట్టే. ఆ తర్వాత పైథాన్ నెల రోజుల్లో పట్టుబడుతుంది.

ఏదీ తేల్చుకోలేకపోతే పైథాన్ తీసుకోండి. ఇక్కడినుంచి నేను చెప్పేది ఎక్కువగా దాని గురించే.

## మూడో మెట్టు: ఎక్కడ నేర్చుకోవాలి

మీ కాలేజీ విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కిందిదైనా, ఒంగోలు ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం కిందిదైనా, ముందు మీ కాలేజీలోనే స్కిల్ కోర్సుగా ఏముందో అడగండి. ఉంటే అదే తీసుకోండి. పక్కన కూర్చుని అడగడానికి మనిషి ఉండటం ఎంత మంచి వీడియో కంటే అయినా విలువైంది.

కాలేజీలో లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైటైన స్వయం పోర్టల్‌లో, ఐఐటీల వాళ్లు చెప్పే ఎన్‌పీటెల్ కోర్సులున్నాయి. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. పైథాన్‌కు ఐఐటీ రోపర్ వాళ్ల జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ అనే కోర్సు కొత్తవాళ్లకు చాలా తేలిక. మామూలుగా వారంవారం చేసే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అయితే మీ కాలేజీ ముందుగా ఒప్పుకోవాలి. కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ఇబ్బంది పడతారు. చేరేముందే ప్రిన్సిపాల్‌కు లెటర్ రాసి సంతకం తీసుకోండి.

ఇంగ్లిష్ అడ్డం వస్తుంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. పది నిమిషాల చిన్న వీడియోలు, కొన్నింటికి తెలుగు మాట కూడా ఉంది. ఇంగ్లిష్ పర్వాలేదనుకుంటే హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే తొలి కంప్యూటర్ సైన్స్ కోర్సు ఉచితంగా దొరుకుతుంది. కానీ అది గట్టి కోర్సు. దిమ్మెలు జోడించి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌తో మొదలై వెంటనే సీలోకి వెళుతుంది. మొదటి కోర్సుగా కంటే రెండోదిగా చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లలో చేరేవాళ్లు డబ్బు కట్టేముందు సిలబస్ కాగితం అడిగి తీసుకోండి. మా అన్న కొడుకు ఒకచోట ఫీజంతా ఒకేసారి కట్టేశాడు. మూడో రోజుకే వెబ్‌సైట్లు, డేటాబేసులు అని మొదలుపెట్టారు. పిల్లవాడికి అప్పటికి ఇఫ్ కూడా రాదు. నెల తిరక్కుండా మానేశాడు, డబ్బు తిరిగి రాలేదు. సిలబస్‌లో రెండు చూడండి. ఒకటి, మొదటి నాలుగు వారాల్లో వేరియబుల్ (విలువను దాచుకునే పేరు), ఇఫ్, లూప్, ఫంక్షన్ (పేరు పెట్టి మళ్లీ వాడుకునే ప్రోగ్రామ్ ముక్క) తప్ప ఇంకేమీ ఉండకూడదు. రెండు, పాఠం గంటకు కనీసం ఒక ల్యాబ్ గంట ఉండాలి. ఈ రెండూ లేనిచోట ఫీజు తగ్గిస్తామన్నా వద్దు.

## నాలుగో మెట్టు: లాప్‌టాప్ లేదని ఆగకండి

మొదటి సెమిస్టర్‌కు లాప్‌టాప్ కొనమని నేను ఏ ఇంటికీ చెప్పను. పైథాన్ రాసి నడిపే గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లో నడుస్తుంది. జీమెయిల్ ఉంటే చాలు, రాసింది డ్రైవ్‌లో దానంతట అదే సేవ్ అవుతుంది. ఫోన్‌లో కాస్త ఇరుకుగా ఉన్నా పని జరుగుతుంది. ఫోన్ అడ్డంగా తిప్పి రాయండి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఉంటే ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసుకోండి, నెట్ లేకుండా నడుస్తుంది.

ఫోన్ కీబోర్డ్‌తో రెండు చిక్కులున్నాయి. ఇవి తెలియక ఎంతోమంది పిల్లలు మొదటి రోజే నీరసపడిపోవడం చూశాను. లైను మొదట్లో ఫోన్ తనంతట తానే పెద్ద అక్షరం వేస్తుంది. పైథాన్‌కు చిన్న పీ తో రాసిన ప్రింట్ (తెర మీద చూపించు అనే ఆదేశం) తెలుసు, పెద్ద పీ తో రాసిన ప్రింట్ తెలియదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో క్యాపిటల్ ఆపేయండి. ఇక వాట్సాప్ గ్రూపులో వచ్చిన నోట్స్ నుంచి కాపీ చేస్తే కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారి ఉంటాయి. చూడటానికి తేడా తెలియదు, పైథాన్ మాత్రం ఒప్పుకోదు. కాపీ చేయకుండా చేత్తో టైప్ చేస్తే ఈ బాధ ఉండదు. చేత్తో టైప్ చేస్తేనే గుర్తుంటుంది కూడా.

## ఐదో మెట్టు: మొదటి మూడు లైన్లు తెలుగులో

పైథాన్ వేరియబుల్ పేర్లను తెలుగు అక్షరాల్లో రాయవచ్చని చాలామందికి తెలియదు. కోలాబ్‌లో ఒక గడి తెరిచి ఇవి రాయండి:

బరువు = 20
కౌంట్ = 1000 / బరువు
కౌంట్

నడిపించండి. గడిలో చివరి లైనుగా పేరు మాత్రమే రాస్తే కోలాబ్ దాని విలువ చూపిస్తుంది. ఇక్కడ 50.0 అని వస్తుంది. ఇది నిజమైన, పనిచేసే ప్రోగ్రామ్. నేను మొదటి క్లాసులో రాయించేది ఇదే.

రొయ్యల గుంటలు ఎరిగినవాళ్లకు ఇదేమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంటు అంటారు. ఒక్కొక్కటి 20 గ్రాములుంటే 50 కౌంటు. రొయ్య పెరిగేకొద్దీ కౌంటు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. వల విసిరి శాంపిల్ తీసి, వంద రొయ్యలు తూస్తే 1,850 గ్రాములు వచ్చాయనుకోండి. సగటు 18.5 గ్రాములు, కౌంటు 54.

రెండేళ్ల క్రితం ఒక జువాలజీ అమ్మాయి ఇదే ప్రోగ్రామ్‌కు ముందు భాగం చేర్చింది: మొత్తం బరువు, రొయ్యల సంఖ్య ఇస్తే సగటు కట్టి, దాన్నుంచి కౌంటు తీయాలి. 2,000 గ్రాములు, 100 రొయ్యలు ఇచ్చి నడిపింది. 20 అని వచ్చింది. నేను వెనక నిలబడి చూసి, ఎర్రర్ లేదు కదా అని పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్లబోయాను. ఆ అమ్మాయి ఆపింది. "సార్, ఇరవై కౌంటంటే ఒక్కోటి యాభై గ్రాములుండాలి. మా నాయన గుంటలో అంత పెద్దవి ఎప్పుడూ పడలేదు. తప్పుంది." చూస్తే చివరి లైనులో కౌంట్ అని రాయాల్సిన చోట సగటు అని రాసింది. ఎర్రర్ రాలేదు కాబట్టి నేను సరే అనుకున్నాను. ఆమెకు గుంట తెలుసు కాబట్టి దొరికింది. ఆ రోజు నుంచి తెలిసిన లెక్కతో మొదలుపెట్టమని గట్టిగా పట్టుబడుతున్నాను.

ఈ మూడు లైన్లతోనే ఇంకొన్ని ప్రయోగాలు చేయండి. బరువు 30 ఇస్తే 33.333 అని పొడుగ్గా వస్తుంది. ఇదే సీలో రెండూ పూర్ణ సంఖ్యలుగా రాసి భాగిస్తే 33 వచ్చి మిగతాది పోతుంది. బరువు 0 ఇస్తే ఏమవుతుందో చూడండి. తర్వాత మేత లెక్క చేర్చండి. వేసిన మేతను పెరిగిన బరువుతో భాగిస్తే ఎఫ్‌సీఆర్, అంటే మేత మార్పిడి నిష్పత్తి. 1,400 కిలోల మేతకు 1,000 కిలోల రొయ్యలు వస్తే 1.4. ఆ తర్వాత ఇఫ్ పెట్టండి: నీటిలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే "ఏరేటర్ వేయండి" అని చూపించాలి (ఏరేటర్ అంటే నీటిలో గాలి కలిపే యంత్రం). ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. మరి ఆ కొలత ఏ వేళది అన్నది కూడా ప్రోగ్రామ్‌కు ఇవ్వాలా? ఈ ప్రశ్న మీకు వచ్చిందంటే వేరియబుల్స్ ఎలా ఎంచుకోవాలో మీకు తెలుస్తున్నట్టే.

## ఆరో మెట్టు: ఎర్రర్ వచ్చినప్పుడు

ఎర్ర అక్షరాలు చూడగానే పిల్లలు గడి మొత్తం చెరిపేస్తారు. దయచేసి చెరపకండి. ఎర్రర్ అంటే తిట్టు కాదు, ఎక్కడ అర్థం కాలేదో చెప్పే చీటీ. దాన్ని కిందినుంచి చదవాలి. చివరి లైనులో ఎర్రర్ పేరు, దాని పైన లైను నంబరు ఉంటాయి. ఆ రెండూ చాలు.

మొదటి నెలలో వచ్చేవి నాలుగైదే. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు తనకు తెలియదంటోంది. స్పెల్లింగ్ చూడండి, పై గడి నడిపారో లేదో చూడండి. కోలాబ్ మూసి మళ్లీ తెరిస్తే గడులన్నీ మొదటి నుంచి నడపాలి. సింటాక్స్ ఎర్రర్ అంటే బ్రాకెట్టో కోటో కోలనో పోయింది. చాలాసార్లు అది చూపించిన లైనుకు పై లైనులో ఉంటుంది. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లైను ముందు ఖాళీ సరిగా లేదు. ఇఫ్ కింద వచ్చే లైన్లన్నీ ఒకే దూరం లోపలికి జరగాలి, నాలుగు ఖాళీలు అలవాటు చేసుకోండి. జీరో డివిజన్ ఎర్రర్ ఇందాక బరువు 0 ఇచ్చి మీరే తెప్పించారు.

టైప్ ఎర్రర్ కాస్త లోతైనది. ఇన్‌పుట్ ద్వారా అడిగి తీసుకున్నదాన్ని పైథాన్ అంకెగా చూడదు, అక్షరాలుగా చూస్తుంది. వాటిని 1000తో భాగించబోతే టైప్ ఎర్రర్ వస్తుంది. దీనికంటే ప్రమాదం, ఒక్కోసారి ఎర్రర్ రాకుండానే తప్పు జవాబు వస్తుంది. 20, 20 అని రెండు అంకెలు అడిగి తీసుకుని కూడితే 40 రాదు, 2020 వస్తుంది! వాటిని ముందుగా ఇంట్ (పూర్ణ సంఖ్య) గానో ఫ్లోట్ (దశాంశ సంఖ్య) గానో మార్చాలి. ఈ ఒక్క సంగతి మీద ఒక పూట గడిపినా నష్టం లేదు.

నోటు పుస్తకం చివరి పేజీల్లో ఎర్రర్ పేరు, ఎందుకు వచ్చింది, ఎలా పోయింది అని మూడు గడులు గీసి రాసుకోండి. నెలాఖరుకు అదే మీ సొంత గైడు అవుతుంది.

చాట్‌జీపీటీ, జెమినీ వంటివి అందరి ఫోన్లలో ఉన్నాయి. వద్దంటే ఎవరూ వినరు, నేను వద్దనను కూడా. మొదటి ఆరు వారాలు మాత్రం ప్రోగ్రామ్ రాసిమ్మని అడగవద్దు. "ఈ ఎర్రర్‌కు అర్థమేంటో తెలుగులో చెప్పు" అని అడగండి, దిద్దడం మీరే చేయండి. రాసిపెట్టింది తెచ్చినవాళ్లను ల్యాబ్ పరీక్షలో ఒక అంకె మార్చి నడపమంటే చేతులు ఆగిపోతున్నాయి. ప్రతి ఏడాదీ చూస్తున్నాను, మనసుకు కష్టంగా ఉంటుంది.

## ఏడో మెట్టు: లూప్‌ను ముగ్గులో చూడండి

సంక్రాంతి నెలలో మన వీధుల్లో వేసే చుక్కల ముగ్గు కంటే మంచి లూప్ పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అని అమ్మమ్మ చెప్పే మాట చిన్న ప్రోగ్రామే. మధ్య వరసలో 15 చుక్కలు. పైన, కింద ఒక్కో వరసకు ఒక్కో చుక్క తగ్గుతూ 8 దగ్గర ఆగాలి. ప్రతి వరసా సగం సందు పక్కకు జరగాలి.

మొదట చేత్తో లెక్కపెట్టండి. 14 నుంచి 8 దాకా కూడితే 77, రెండు వైపులా 154, మధ్యవి 15. మొత్తం 169 చుక్కలు. ఇప్పుడు ప్రోగ్రామ్. బయటి లూప్ వరసల కోసం, లోపలి లూప్ ఆ వరసలోని చుక్కల కోసం. ఒక లెక్కింపు వేరియబుల్ పెట్టి చివర 169 వచ్చిందో లేదో చూడండి.

చాలామందికి మొదటిసారి రాదు. కారణం రేంజ్, అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టాలో చెప్పే ఆదేశం. 1 నుంచి 15 అని రాస్తే పైథాన్ 14 దగ్గరే ఆగుతుంది, చివరి అంకెను కలుపుకోదు. పుస్తకంలో ఇది చదివితే వారానికి మరచిపోతారు. ముగ్గులో అయితే ప్రతి వరసకూ కుడి అంచున ఒక చుక్క లేకుండా బొమ్మ కుంటుతుంది. ముగ్గేసే చేతులున్న అమ్మాయిలు "కుడిపక్క పోయింది సార్" అని చూసీ చూడగానే చెబుతారు. అబ్బాయిలకు కాస్త ఆలస్యం, కానీ వాళ్లకూ తెలుస్తుంది.

సందు చుక్క అయ్యాక ఎదురు చుక్క చేయండి. 15 నుంచి 1 దాకా, ఈసారి రెండేసి తగ్గుతాయి, చుక్కలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. మొత్తం 113 రావాలి. రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తే మూడే మారుతాయి: తగ్గే మెట్టు, ఆగే అంకె, పక్కకు జరిగే దూరం. ఆ మూడింటినీ బయటి నుంచి ఇచ్చేలా మారిస్తే అదే మీ మొదటి ఫంక్షన్. లెక్కల విద్యార్థులు ఇంకొకటి చూడవచ్చు. సందు చుక్క ముగ్గు సరిగ్గా ఆరు భుజాల ఆకారంలో రావాలంటే వరసల మధ్య దూరం, చుక్కల మధ్య దూరానికి 0.87 రెట్లు ఉండాలి. ఎందుకో త్రిభుజం గీసి తేల్చుకోండి.

బొమ్మ గీయడానికి పైథాన్‌తోనే వచ్చే టర్టిల్ (తాబేలు) అనే సాధనం ఉంది. 1967లో పిల్లల కోసం పుట్టిన లోగో భాషతో పేరుపడిన తాబేలే ఇది. ఇది కోలాబ్‌లో నేరుగా నడవదు. కాలేజీ కంప్యూటర్‌లో పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే ప్రోగ్రామ్ తెరిచి నడపండి. పీ5 జేఎస్ నేర్చుకునేవాళ్లకు బ్రౌజర్‌లోనే వస్తుంది, రంగులు కూడా తేలిక.

## ఎనిమిదో మెట్టు: తెలుగు చదివేవాళ్ల కోసం

బీఏ తెలుగు పిల్లలకు ప్రోగ్రామింగ్‌లో చోటు లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. పైథాన్‌లో "నెల్లూరు" పొడవెంత అని అడగండి. 8 అంటుంది. మనం చూస్తే మూడే అక్షరాలు: నె, ల్లూ, రు. కంప్యూటర్ న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం అని ఎనిమిదిగా దాచుకుంది. "ఒంగోలు" అడిగితే 6. మనకు అదీ మూడే. అంటే అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మనమే నియమాలు రాయాలి. ఆ నియమాలు వ్యాకరణం చదివినవాళ్లకే బాగా తెలుసు.

దాని మీద గురులఘువులు కట్టవచ్చు. దీర్ఘం గురువు, ఐత్వం ఔత్వం ఉన్నది గురువు, సున్నా విసర్గ పొల్లు ఉన్నది గురువు, సంయుక్తాక్షరానికీ ద్విత్వానికీ ముందున్నది గురువు, మిగిలింది లఘువు. ఇన్ని ఇఫ్‌లు రాస్తే "నెల్లూరు"కు గురువు, గురువు, లఘువు వస్తాయి. తగణం. "ఒంగోలు"కూ అదే తగణం! రెండు జిల్లాల ముఖ్య పట్టణాలూ ఒకే గణంలో పడతాయని ఒక విద్యార్థి ప్రోగ్రామ్ నడిపి చూపించిన రోజు క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ముందక్షరం గురువా కాదా తెలియాలంటే తర్వాతి అక్షరం చూడాలి. చివరి అక్షరం తర్వాత ఏమీ లేదు, ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది. పాదాంతంలో ఏం చేయాలన్న ఛందస్సు ప్రశ్న, జాబితా చివర ఏం చేయాలన్న ప్రోగ్రామింగ్ ప్రశ్న ఒకటే అయిపోతాయి. ఇది అర్థమయ్యాక, నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన రాసిన భారతం నుంచి పది పద్యాలు తీసుకుని గణాలు కట్టించండి. సెమిస్టర్ ప్రాజెక్టుకు అంతకంటే ఏం కావాలి?

## తొమ్మిదో మెట్టు: డేటాలో మన వానలు

మీ మండలం నెలవారీ వర్షపాతం పన్నెండు అంకెలు తీసుకోండి. జిల్లా ప్రణాళికాధికారి కార్యాలయం వేసే గణాంకాల పుస్తకంలో ఉంటాయి. ఒక జాబితాలో పెట్టి, పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో కడ్డీల గ్రాఫ్ గీయండి. తెలంగాణ జిల్లా ఒకటి పక్కన పెట్టండి. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా గుట్ట లేస్తుంది. నెల్లూరులో ఆ గుట్ట అక్టోబరు, నవంబరులో, ఈశాన్య రుతుపవనాలకు లేస్తుంది. ఇప్పుడు మొత్తాన్ని 12తో భాగించి సగటు కట్టి, అంత వాన ఏ నెలలో పడిందో వెతకండి. దాదాపు ఏ నెలలోనూ ఉండదు. సగటు మీద ఎంత నమ్మకం పెట్టాలో సైన్సు పిల్లలకు దీనితో తెలుస్తుంది.

## వారం ఎలా గడవాలి

రోజూ ముప్పావు గంట చాలు, ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు కూర్చోవడం కంటే ఇది మేలు. అందులో పావుగంట వీడియో, అరగంట టైపింగ్. ఇద్దరు కలిసి నేర్చుకుంటే ఇంకా మంచిది. ఒకరు టైప్ చేయాలి, ఇంకొకరు పక్కన కూర్చుని తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పాలి. పది నిమిషాలకోసారి మారండి.

ఆరో వారం నాటికి, మొదటి మెట్టులో రాసుకున్న మూడు లెక్కల్లో ఒకటి పూర్తి ప్రోగ్రామ్ కావాలి. దాన్ని ఆ లెక్క రోజూ చేసే మనిషి చేతికి ఇవ్వండి: నాన్న, అమ్మ, కాటా వేసే మనిషి, క్వారీ మేస్త్రీ. వాళ్లు అంకె ఇచ్చే పద్ధతి మీరు ఊహించినట్టు ఉండదు. ఒకరు "పద్దెనిమిదిన్నర" అంటారు, ఇంకొకరు గ్రాముల బదులు కిలోల్లో ఇస్తారు, మరొకరు ఏమీ ఇవ్వకుండా ఎంటర్ నొక్కుతారు. ప్రతిదీ రాసుకుని ప్రోగ్రామ్‌ను దానికి తగ్గట్టు మార్చండి. వైవాలో "ఏం మార్చావు, ఎందుకు మార్చావు" అని నేను అడిగేది ఈ పేజీ చూసే.

ఇది పూర్తయ్యాక రెండో కోర్సు. సైన్సు వాళ్లు నమ్‌పై, పాండాస్ (పైథాన్‌లో అంకెలు, పట్టికలతో పనిచేసే సాధనాలు) ఉన్న డేటా కోర్సు తీసుకోండి. ఫిషరీస్ వైపు పీజీ చేయాలనుకునేవాళ్లు దానితో పాటు ఆర్ కూడా చూడండి. డిజైన్ వాళ్లు పీ5లోనే ఇంకో సెమిస్టర్ ఉండండి. తెలుగు వాళ్లు యూనికోడ్ (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే పద్ధతి), రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (రాతలో కావలసిన అక్షరాల వరసను వెతికే పద్ధతి) చదవండి. కంప్యూటర్స్ వాళ్లు డేటా స్ట్రక్చర్స్‌కు వెళ్లండి. రిజిస్ట్రేషన్ గడువు సెమిస్టర్ మొదట్లోనే ముగుస్తుంది, స్వయం పోర్టల్‌లో జూలై, జనవరి నెలల్లో చూస్తూ ఉండండి.